దించిన ఫైల్ ఎక్కడ పాడైందో ఆ ఫైల్‌లోనే ఉంటుంది

కమోడోర్ 64 కోసమో, అమీగా కోసమో, ఆపిల్ టూ కోసమో నెట్ నుంచి ఒక ఫైల్ దించుతారు. ఎలాగోలా దాన్ని పాత మెషీన్ దాకా చేరుస్తారు. తీరా అక్కడ అది లోడ్ అవదు, లేదా సగం లోడై తెరంతా పిచ్చి అక్షరాలు పరుస్తుంది. అప్పుడు చాలామంది అదే ఫైల్‌ను మళ్లీ దించుతారు, మళ్లీ పంపుతారు, ఫ్లాపీ మారుస్తారు. దారిలో ఉన్న లోపం అలాగే ఉంటే పదిసార్లు దించినా ఫైల్ అదే తీరుగా పాడవుతుంది.

ఫైల్ పాడవడంలో ఒక పద్ధతి ఉంటుంది. టెక్స్ట్ మార్పిడి వల్ల పాడైన ఫైల్ ఒకలా ఉంటుంది, ఎనిమిదో బిట్ ఊడిపోయిన ఫైల్ ఇంకోలా, సీరియల్ పోర్ట్ బైట్లు జారవిడిచిన ఫైల్ మరోలా. ఆ గుర్తులు తెలిస్తే దోషం సర్వర్‌దా, మధ్యలో ఉన్న పీసీదా, కేబుల్‌దా, ఫ్లాపీదా అన్నది పావుగంటలో తేలుతుంది. కావలసిందల్లా ఒక హెక్స్ ఎడిటర్, అంటే ఫైల్‌లోని ఒక్కో బైట్‌నూ అంకెగా చూపే ప్రోగ్రామ్. ఈ పోస్టులో బైట్ విలువలన్నీ 0 నుంచి 255 దాకా దశాంశంలోనే రాశాను, కాబట్టి ఎడిటర్‌లో డెసిమల్ వ్యూ పెట్టుకోండి. స్థానాలను 0 నుంచి లెక్కపెట్టాలి.

ముందు సైజు

ఫైల్ సైజును బైట్లలో చూడండి. కిలోబైట్లలో చూస్తే ఏమీ తెలియదు. డిస్క్ ఇమేజ్‌లకు, అంటే ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా తీసిన నకళ్లకు, సైజు ఖాయంగా ఉంటుంది, అదే మొదటి సాక్ష్యం. కమోడోర్ 1541 డిస్క్ ఇమేజ్ అయిన డీ64కు 35 ట్రాకులు, 683 సెక్టార్లు, ఒక్కో సెక్టార్ 256 బైట్లు, అంటే సరిగ్గా 1,74,848 బైట్లు. సెక్టార్‌కు ఒక బైట్ చొప్పున ఎర్రర్ సమాచారం కూడా చేరిస్తే 1,75,531. ఆపిల్ టూ 5.25 అంగుళాల డిస్క్ ఇమేజ్ 1,43,360. అమీగా ఏడీఎఫ్ 9,01,120. అటారీ ఎస్‌టీలో రెండు పక్కల, 80 ట్రాకుల, 9 సెక్టార్ల డిస్క్ 7,37,280. అటారీ 8-బిట్ మెషీన్ల 90కే ఏటీఆర్ ఇమేజ్‌కు 16 బైట్ల హెడర్ ఉంటుంది కాబట్టి 92,176. 48కే స్పెక్ట్రమ్ ఎస్‌ఎన్‌ఏ స్నాప్‌షాట్‌లో 49,152 బైట్ల మెమరీ, 27 బైట్ల హెడర్, మొత్తం 49,179.

ఈ అంకెలకు ఒకటి రెండు బైట్లు తక్కువైనా, వందల బైట్లు ఎక్కువైనా ఫైల్ పాడైనట్టే. ఎంత తేడా ఉందన్నది కూడా కారణాన్ని చెబుతుంది, దాని సంగతి కాసేపట్లో. సైజు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫైల్ బాగున్నట్టు మాత్రం కాదు.

సైజు చూశాక మొదటి నాలుగు బైట్లు చూడండి. 60తో మొదలై తర్వాత 33గానీ, 104గానీ, 72గానీ ఉంటే అది ప్రోగ్రామే కాదు, వెబ్ పేజీ. సర్వర్ ఫైల్‌కు బదులు ఏదో లాగిన్ పేజీనో ఎర్రర్ పేజీనో పంపితే దాన్నే బ్రౌజర్ డీ64 పేరుతో దాచింది. 31, 139తో మొదలైతే జీజిప్‌లో కుదించిన ఫైల్, విప్పితే అసలుది వస్తుంది. చివర ఏడీజెడ్ అని ఉండే అమీగా ఇమేజ్‌లు ఇలాంటివే. 80, 75, 3, 4 అయితే జిప్. ఎక్స్‌టెన్షన్ ఏమని ఉన్నా ఈ బైట్లనే నమ్మండి. అమీగా ఏడీఎఫ్ సాధారణంగా 68, 79, 83తో, అమీగా ప్రోగ్రామ్ 0, 0, 3, 243తో, అటారీ ఎస్‌టీ ప్రోగ్రామ్ 96, 26తో మొదలవుతాయి. బేసిక్ నుంచి రన్ చేసే కమోడోర్ 64 ప్రోగ్రామ్‌కు మొదటి రెండు బైట్లు 1, 8. ఇవి లోడ్ అడ్రస్, అంటే 2049. ఇవి తప్పిపోతే ప్రోగ్రామ్ మెమరీలో ఎక్కడో పడుతుంది, తర్వాత రన్ అన్నా ఏమీ జరగదు.

టెక్స్ట్ అనుకుని చేసిన మేలు

పాడైన ఫైళ్లలో చాలావాటికి మూలం ఇదే. టెక్స్ట్ ఫైల్‌లో పంక్తి చివరను యూనిక్స్ 10తో, పాత మాక్, ఆపిల్ టూ, కమోడోర్ 13తో, పీసీల డాస్ 13, 10 జంటతో గుర్తిస్తాయి. ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ గుర్తులను మార్చి ఇస్తుంది. ఉత్తరానికి ఇది ఉపకారం. ప్రోగ్రామ్‌లో 10 అన్న బైట్ పంక్తి చివర కాదు, ఏదో ఒక ఇన్‌స్ట్రక్షనో బొమ్మలో ఒక ముక్కో. దాని పక్కన 13 వచ్చి కూర్చుంటే వెనకున్నదంతా ఒక బైట్ జరుగుతుంది.

సర్వర్ నుంచి ఫైళ్లు తెచ్చుకునే ఎఫ్‌టీపీలో ఇది మరీ తరచుగా జరుగుతుంది. 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 959 ప్రమాణం ప్రకారం ఎఫ్‌టీపీ డిఫాల్ట్‌గా టెక్స్ట్ మోడ్‌లోనే ఉంటుంది. కమాండ్ లైన్ క్లయింట్ వాడితే ఫైల్ అడిగే ముందు బైనరీ అని టైప్ చేసి, సర్వర్ ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే ముందుకు వెళ్లండి. కొన్ని క్లయింట్లు ఎక్స్‌టెన్షన్ చూసి మోడ్ ఎంచుకుంటాయి. డీ64, ఎస్‌హెచ్‌కే (ఆపిల్ టూ ష్రింకిట్ ఆర్కైవ్) లాంటివి వాటి జాబితాలో ఉండకపోవచ్చు. ఆటోమేటిక్ అన్న సెట్టింగ్ తీసేసి ఎప్పుడూ బైనరీ అని పెట్టుకోవడం మేలు.

వెబ్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. పాత ఎక్స్‌టెన్షన్ గురించి తెలియని సర్వర్ ఆ ఫైల్‌ను సాదా టెక్స్ట్ అని ముద్ర వేసి పంపుతుంది, బ్రౌజర్ దాన్ని తెరమీద పరుస్తుంది. అక్కడి నుంచి సేవ్ చేస్తే, కాపీ చేసి పేస్ట్ చేస్తే ఫైల్ నాశనం. లింక్ మీద రైట్ క్లిక్ చేసి నేరుగా సేవ్ చేయాలి.

గుర్తులు చూద్దాం. 10 ముందు 13 చేర్చిన ఫైల్‌లో ఒక్క 10 కూడా ఒంటరిగా కనబడదు, ప్రతిదాని ముందూ 13 ఉంటుంది. సహజంగా పుట్టిన బైనరీ ఫైల్‌లో అలా జరగడం అసాధ్యం అనుకోవచ్చు. సైజు కూడా పెరుగుతుంది. బైట్లు సమానంగా చెల్లాచెదురైన ఫైల్ అయితే 256కు ఒకటి చొప్పున పెరగాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డీ64లో సెక్టార్ సైజు కూడా 256 బైట్లే కావడంతో, ఆ లెక్కన పెరగవలసినవి 683 బైట్లు. ఎర్రర్ సమాచారం ఉన్న మంచి డీ64 కూడా సరిగ్గా అంతే ఎక్కువ. నిండుగా ఉన్న డిస్క్ టెక్స్ట్ మోడ్‌లో పాడైతే సైజు ఆ దరిదాపుల్లో తేలి, మంచి ఫైలేనన్న భ్రమ కలిగించగలదు. కాబట్టి 1,75,531 అన్న అంకె కచ్చితంగా ఉందా అన్నది చూడండి, సుమారుగా ఉంటే అనుమానించండి.

ఈ తరహా ఫైల్ బాగుపడుతుంది. 10 ముందున్న 13ను ఒక్కొక్కటి చొప్పున తీసేసే చిన్న స్క్రిప్ట్ చాలు. అయితే మార్చిన సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. మొదటిది కళ్లు మూసుకుని ప్రతి 10 ముందూ 13 పెడుతుంది. అసలు ఫైల్‌లో 13, 10 పక్కపక్కనే ఉన్నచోట 13, 13, 10 అవుతుంది, ఒకటి తీసేస్తే అసలుది తిరిగొస్తుంది. రెండో రకం ముందే 13 ఉంటే ముట్టుకోదు. అప్పుడు మీ స్క్రిప్ట్ అసలు ఫైల్‌కు చెందిన 13ను కూడా తీసేస్తుంది. బాగుచేశాక సైజు సరిగ్గా 1,74,848 వస్తే మొదటి రకం. రెండు మూడు బైట్లు తక్కువైతే రెండో రకం, ఎందుకంటే అంత ఫైల్‌లో ఆ జంట యాదృచ్ఛికంగా రెండు మూడుసార్లు కనబడుతుంది.

తిరుగు దారిలో, అంటే 13, 10 జంటను 10గా కుదించిన ఫైల్‌లో సైజు రెండు మూడు బైట్లే తగ్గుతుంది, ఆ జంట ఎక్కడా కనబడదు. పోయిన బైట్లు ఎక్కడివో కనిపెట్టాలంటే డిస్క్ నిర్మాణమే ఆధారం. డీ64లో 18వ ట్రాక్ మొదటి సెక్టార్ 91,392వ స్థానంలో మొదలవుతుంది, అక్కడ 18, 1, 65 అన్న మూడు బైట్లు ఉండాలి. అవి 91,391లో కనబడితే 1 నుంచి 17 ట్రాకుల మధ్యలో ఒక బైట్ పోయింది. అమీగా ఏడీఎఫ్‌లో రూట్ బ్లాక్ 4,50,560వ స్థానంలో 0, 0, 0, 2తో మొదలవుతుంది. ఆపిల్ డాస్ 3.3 డిస్క్‌లో 69,632వ స్థానపు సెక్టార్‌లో రెండో బైట్ 17, మూడోది 15, నాలుగోది 3. ఇవి ముందుకో వెనక్కో జరిగాయంటే ఎన్ని బైట్లు చేరాయో, ఎన్ని పోయాయో అంతే.

13లన్నీ 10గా మారిపోయిన ఫైల్ మాత్రం దక్కదు. సైజు మారదు, అందుకే మోసం చేస్తుంది. 256 విలువల్లో ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ఏ పనిముట్టయినా దీన్ని వెంటనే పట్టిస్తుంది. 13 సున్నాసార్లు వస్తే, 10 మిగతావాటికంటే రెట్టింపు వస్తే అదే సంగతి. ఏ 10 అసలు 10, ఏది ఒకప్పటి 13 అన్నది తేల్చే మార్గం లేదు, మళ్లీ దించాల్సిందే. 127 పైన ఒక్క విలువా లేకపోతే ఎనిమిదో బిట్ ఊడిపోయింది, అదీ దక్కదు. 239, 191, 189 అన్న మూడు బైట్లు గుంపులు గుంపులుగా కనబడి సైజు దాదాపు రెట్టింపైతే ఎవరో దాన్ని యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా తెరిచి దాచారు, అదీ పోయినట్టే. 194, 195 విపరీతంగా ఉండి సైజు సుమారు ఒకటిన్నర రెట్లయితే అదృష్టం. లాటిన్-1ను యూటీఎఫ్-8గా మార్చారన్నమాట, వెనక్కి మార్చుకోవచ్చు.

26 అన్న బైట్ కథ వేరు. సీపీఎం అన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఆ వారసత్వంతో డాస్‌లో, టెక్స్ట్ ఫైల్ ముగింపు గుర్తు అది. డాస్‌లో కాపీ కమాండ్‌తో రెండు ఫైళ్లను ప్లస్ గుర్తు పెట్టి కలిపితే టెక్స్ట్‌గానే కలుపుతుంది, 26 దగ్గర ఆగిపోతుంది. బైనరీగా కలపమని చెప్పే స్లాష్ బీ తప్పనిసరి. అటారీ ఎస్‌టీ ప్రోగ్రామ్ రెండో బైటే 26 కాబట్టి అలా కోసిన ఫైల్‌లో మిగిలేది ఒకే ఒక్క బైట్. ఏఆర్‌సీ ఆర్కైవ్ మొదటి బైటే 26, అందులో ఏమీ మిగలదు.

ఈ ప్రమాదాలన్నీ తెలిసి తమ ఫార్మాట్‌లోనే కాపలా పెట్టినవాళ్లున్నారు. పీఎన్‌జీ బొమ్మల ఫైల్ 137, 80, 78, 71, 13, 10, 26, 10తో మొదలవుతుంది. 137 ఎనిమిదో బిట్ ఉందో లేదో చెబుతుంది, 13, 10 జంట, చివరి ఒంటరి 10 పంక్తి మార్పిడిని పట్టిస్తాయి. మధ్యలో ఉన్న 26, డాస్‌లో ఫైల్‌ను టైప్ కమాండ్‌తో చూస్తే అక్కడే ఆపుతుంది. ఆపిల్ టూ ష్రింకిట్ ఆర్కైవ్ మొదటి ఆరు బైట్లు 78, 245, 70, 233, 108, 229. ఇవి నుఫైల్ అన్న అక్షరాలే, ఒకటి విడిచి ఒకదానికి ఎనిమిదో బిట్ పెట్టారు. అది 78, 117, 70, 105, 108, 101గా కనబడిందంటే ఏడు బిట్ల దారిలో వచ్చిందని అర్థం. ఇంత చిన్న ముందుచూపుతో ఎంత శ్రమ తప్పుతుందో!

దారిని పరీక్షించే ఫైల్

ప్రతి కొత్త దారికీ, అంటే కొత్త సర్వర్, కొత్త క్లయింట్, కొత్త కేబుల్‌కు, అసలు ఫైళ్లు పంపే ముందు ఒక పరీక్ష ఫైల్ పంపండి. 0 నుంచి 255 దాకా వరుసగా అన్ని విలువలూ, చివర 13, 10. మొత్తం 258 బైట్లు. అవతల చేరాక సైజు చూడండి. 260 అయితే ప్రతి 10 ముందూ 13 చేరింది. 259 అయితే తెలివైన రకం మార్పిడి. 257 అయితే చివరి జంట కుదించుకుపోయింది, లేదా మొదట్లో 0ని ఎవరో మింగేశారు. ఏదన్నది తెరిచి చూస్తే తెలుస్తుంది. 26 బైట్లే మిగిలితే ముగింపు గుర్తు దగ్గర కోశారు. 386 అయితే లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8, 514 అయితే యూటీఎఫ్-8 పేరుతో ధ్వంసం. 258 ఉంటే లోపల 13, 10 తమ చోట్లలో ఉన్నాయా, 128 పైవి బతికున్నాయా అని చూసుకోండి. (ఎక్స్‌మోడెమ్‌లో వస్తే ఈ సైజు 384 అవుతుంది. కారణం కింద ఉంది.)

సీరియల్ దారిలో

పీసీ దాకా మంచిగా వచ్చిన ఫైల్‌ను సీరియల్ కేబుల్ మీద పాత మెషీన్‌కు పంపేటప్పుడు ఎక్కువమంది వాడేది ఎక్స్‌మోడెమ్. వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాసిన ఈ ప్రోటోకాల్ చాలా సాదా. ఒక్కో బ్లాక్‌కు 1 అన్న ప్రారంభ బైట్, బ్లాక్ సంఖ్య, 255 నుంచి ఆ సంఖ్యను తీసేస్తే వచ్చే సంఖ్య, 128 బైట్ల డేటా, ఒక చెక్‌సమ్. మొత్తం 132 బైట్లు. బాగా అందితే అవతలి మెషీన్ 6 పంపుతుంది, లేకపోతే 21 పంపి మళ్లీ అడుగుతుంది. 1200 బీపీఎస్ అంటే సెకనుకు 1200 బిట్లు, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైట్‌కు 10 బిట్లు, అంటే సెకనుకు 120 బైట్లు కాబట్టి 1,366 బ్లాకుల డీ64కు జవాబుల సమయం కాకుండానే 25 నిమిషాలు పడుతుంది.

చెక్‌సమ్ అంటే 128 బైట్లను కూడి 256తో భాగించగా మిగిలిన శేషం. రెండు బైట్లు తారుమారైనా, ఒకటి పెరిగి ఇంకోటి అంతే తగ్గినా అది పట్టుకోలేదు. అందుకే రెండు వైపులా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే సీఆర్‌సీ అన్న ఇంకా గట్టి తనిఖీ ఉన్న రకమే ఎంచుకోండి. 16 బిట్ల సీఆర్‌సీ 16 బిట్ల పొడవులోపు వరుస తప్పులన్నిటినీ పట్టేస్తుంది. ప్రారంభంలో స్వీకరించే మెషీన్ 21కి బదులు 67 పంపితే, అంటే పెద్ద సీ అక్షరం పంపితే, అది సీఆర్‌సీ అడుగుతోందన్నమాట.

ఇప్పుడు అసలు ఉపయోగపడే కిటుకు. ఎక్స్‌మోడెమ్ 0 నుంచి 255 దాకా ప్రతి బైటూ మార్పు లేకుండా దాటాలని కోరుతుంది. మధ్యలో ఏ పరికరమో కొన్ని విలువలను మింగేస్తే బదిలీ ఆగుతుంది. ఏ విలువ పోతోందో తెలుసుకోవడానికి 32,768 బైట్ల ఫైల్ తయారుచేయండి, అన్నీ 65, అంటే పెద్ద ఏ అక్షరమే. చెక్‌సమ్ రకం ఎక్స్‌మోడెమ్‌లో పంపండి. డేటా ఎప్పుడూ ఒకటే, చెక్‌సమ్ ఎప్పుడూ 128. మారేది బ్లాక్ సంఖ్య, దాని పూరకం (255 నుంచి దాన్ని తీసేస్తే వచ్చేది) మాత్రమే. కాబట్టి ఎన్నో బ్లాక్ దగ్గర ఆగిందో చూస్తే దోషి దొరుకుతుంది.

మొదటి బ్లాక్ కూడా దాటకపోతే ఏడు బిట్ల సెట్టింగ్. 1కి పూరకమైన 254 ఎనిమిదో బిట్ పోయి 126గా చేరుతుంది. రెండు వైపులా 8ఎన్1, అంటే ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని పెట్టండి. 10 దగ్గర ఆగితే టెర్మినల్ ప్రోగ్రామ్ పంక్తి మార్పిడి చేస్తోంది. 13 దగ్గర ఆగితే నెట్ మీద టెర్మినల్‌ను సర్వర్‌కు కలిపే టెల్నెట్ మీద అనుమానం. టెల్నెట్‌లో బైనరీ మోడ్ ఒప్పుకోకపోతే 13 వెంట ఒక 0 అదనంగా వస్తుంది. 17 దగ్గరగానీ 19 దగ్గరగానీ ఆగితే సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్, అంటే అవతలి వైపుకు పంపు, ఆగు అని చెప్పే ఏర్పాటు. ఎక్సాన్, ఎక్సాఫ్ గుర్తులు ఆ రెండు విలువలే. 255 దగ్గర ఆగితే మళ్లీ టెల్నెట్టే. అక్కడ 255 కమాండ్ గుర్తు, డేటాలో దాన్ని రెండుసార్లు పంపాలి, ఒక వైపు అలా చేసి ఇంకో వైపు చేయకపోతే లెక్క తప్పుతుంది. ఆ బ్లాక్‌లోనే 0 కూడా మొదటిసారి వస్తుంది కనుక 0ని మింగే దారి కూడా అక్కడే బయటపడుతుంది. వైఫై మోడెమ్ వాడేవాళ్లకు 13, 255 దగ్గర ఆగడం మామూలు. ఆ మోడెమ్ ఫర్మ్‌వేర్‌లో టెల్నెట్ అనువాదం అన్న సెట్టింగ్‌ను అవతలి సర్వర్‌కు తగ్గట్టు ఆన్ చేసో ఆఫ్ చేసో చూడండి.

ఏ విధంగానూ దారి శుభ్రపడకపోతే కెర్మిట్ వాడండి. కొలంబియా యూనివర్సిటీలో 1981లో పుట్టిన ఈ ప్రోటోకాల్ కంట్రోల్ బైట్లను మామూలు అక్షరాలుగా మార్చి పంపుతుంది, ఏడు బిట్ల దారిలో కూడా నడుస్తుంది. నిదానం, కానీ చేరుస్తుంది.

ఒక నిర్దిష్ట బ్లాక్ దగ్గర ఆగకుండా అక్కడక్కడా తప్పులు వస్తుంటే వాటి మధ్య దూరం చూడండి. ఇష్టం వచ్చినట్టు వస్తే కేబుల్, కనెక్టర్, గ్రౌండ్. సమాన దూరంలో, అంటే ప్రతి 8కే, 16కేకు ఒకసారి వస్తే స్వీకరించే మెషీన్ బఫర్ నిండి డిస్క్ మీద రాస్తోందన్నమాట. ఆ సమయంలో వచ్చిన బైట్లను అది చూడలేదు. 9600 బీపీఎస్‌లో ఒక్కో బైట్‌కు 1.04 మిల్లీసెకన్లే గడువు. పాత పీసీల్లోని 8250, 16450 చిప్‌లు అందుకున్న ఒకే ఒక బైట్‌ను దాచగలవు, తర్వాతది వచ్చేలోగా తీసుకోకపోతే అది పోయింది. 16550ఏ చిప్‌లో 16 బైట్ల బఫర్ ఉంటుంది. మార్గాలు రెండు, వేగం తగ్గించడం లేదా ఆర్‌టీఎస్, సీటీఎస్ హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టడం. రెండోదానికి కేబుల్‌లో ఆ తీగలు ఉండాలి. 9 పిన్‌ల నల్ మోడెమ్ కేబుల్‌లో 2, 3 ఎదురెదురుగా, 7, 8 ఎదురెదురుగా, 5 నేరుగా. మూడు తీగల కేబుల్ మీద హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెడితే ఏమీ కదలదు.

మోడెమ్‌లో ఎర్రర్ కరెక్షన్ ఉంది కదా, ఇంకా తప్పులేమిటి అని అడుగుతుంటారు. ఆ ఎర్రర్ కరెక్షన్ ప్రమాణమైన వీ.42 రెండు మోడెమ్‌ల మధ్య తీగనే కాపాడుతుంది. మోడెమ్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్ దాని పరిధిలో లేదు. అందుకే తప్పులు ఉండవన్న భరోసాతో నడిచే వైమోడెమ్-జీ లాంటివాటిని పాత మెషీన్ల మీద వాడకపోవడం మంచిది. ఒక్క తప్పు వచ్చినా అది బదిలీని రద్దు చేస్తుంది.

కమోడోర్ 64కు అసలు సీరియల్ చిప్పే లేదు. యూజర్ పోర్ట్ మీద ప్రాసెసరే ఒక్కో బిట్ లెక్కపెట్టుకుంటుంది, రోమ్‌లోని రొటీన్‌లు వాడితే 1200 బీపీఎస్ దాటాక నమ్మకం తగ్గుతుంది. డిస్క్ పని, సీరియల్ పని ఒకేసారి జరగవు. ప్రతి బ్లాక్‌కు ఆగి జవాబు కోసం చూసే ఎక్స్‌మోడెమ్ దీనికి సరిపోవడానికి కారణం అదే. ఇంకో హెచ్చరిక: యూజర్ పోర్ట్ సిగ్నల్ 0 నుంచి 5 వోల్టులు, ఆర్‌ఎస్-232 దానికి తలకిందులు, ప్లస్ మైనస్ 12 వోల్టుల దాకా వెళ్తుంది. నేరుగా కలిపితే 6526 చిప్ కాలిపోతుంది. మధ్యలో మ్యాక్స్232 చిప్, దానికి నాలుగు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఉండాలి.

పాడవకుండానే పాడైనట్టు

ఎక్స్‌మోడెమ్ ఫైల్ సైజును పంపదు. చివరి బ్లాక్‌లో ఖాళీ మిగిలితే 26లతో నింపుతుంది. ఎర్రర్ సమాచారం లేని డీ64, ఏడీఎఫ్, ఆపిల్ ఇమేజ్ సైజులు 128తో నిశ్శేషంగా భాగింపబడతాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. స్పెక్ట్రమ్ ఎస్‌ఎన్‌ఏ మాత్రం 49,179 నుంచి 49,280కి పెరుగుతుంది, 92,176 బైట్ల ఏటీఆర్ 92,288 అవుతుంది. సైజు చూసి ఫార్మాట్ గుర్తించే ఎమ్యులేటర్లు (పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లు) వీటిని తిరస్కరిస్తాయి. చివరి 101 లేదా 112 బైట్లు కోసేస్తే చాలు. వైమోడెమ్, జెడ్‌మోడెమ్ సైజును ముందే చెబుతాయి కనుక ఈ తోక రాదు.

ఆపిల్ టూ ఇమేజ్‌లలో డాస్ వరుస, ప్రోడాస్ వరుస అని రెండు సెక్టార్ క్రమాలున్నాయి, సైజు రెండింటికీ 1,43,360. డీఎస్‌కే అన్న ఎక్స్‌టెన్షన్ ఏ వరుసో చెప్పదు. బూట్ కాకపోతే పీఓ అని పేరు మార్చి చూడండి. ప్రోడాస్‌లో ష్రింకిట్ ఆర్కైవ్ టెక్స్ట్ రకంగా నమోదైతే టైప్‌ను 224కు, ఆక్స్ టైప్‌ను 32,770కి మార్చాలి. కమోడోర్‌లో టెర్మినల్ ప్రోగ్రామ్ దాచినది సీక్వెన్షియల్ రకమైతే లోడ్ కమాండ్‌కు అది కనబడదు, ప్రోగ్రామ్ రకంగా మార్చాలి.

కమోడోర్ డిస్కులను నాలుగు ముక్కలుగా పంచే జిప్‌కోడ్ ఫైళ్లకు పేర్ల ముందు 1!, 2!, 3!, 4! అని ఉంటుంది. వీటిలో 1 నుంచి 8, 9 నుంచి 16, 17 నుంచి 25, 26 నుంచి 35 ట్రాకులు వరుసగా ఉంటాయి. విప్పాక ఏ ట్రాకులు చదవలేకపోతున్నారో చూసి ఆ ఒక్క ముక్కే మళ్లీ పంపండి.

ఆర్కైవ్‌లను ఎక్కడ విప్పుతారన్నది కూడా ముఖ్యం. అమీగా ఎల్‌హెచ్‌ఏ ఆర్కైవ్‌ను విండోస్‌లో విప్పితే ప్రొటెక్షన్ బిట్లు పోతాయి, పాత మాక్ ఆర్కైవ్‌ను విప్పితే ఫైల్‌లో రెండో భాగమైన రిసోర్స్ ఫోర్క్ పోతుంది, అది లేని మాక్ ప్రోగ్రామ్ నడవదు. విప్పడం పాత మెషీన్ మీదే చేయండి. పీసీలో ఆర్కైవ్‌ను పరీక్షించడం వరకే. జిప్, జీజిప్‌లో 32 బిట్ల సీఆర్‌సీ, ఎల్‌హెచ్‌ఏలో 16 బిట్లది ఉంటుంది. ఆ పరీక్షలో నెగ్గితే ఆర్కైవ్ కట్టినప్పటి నుంచి ఫైల్ మారలేదని అర్థం. కట్టకముందే పాడైన ఫైల్‌ను అది పట్టుకోలేదు.

ఇక ఫ్లాపీ

ఇమేజ్ ఎమ్యులేటర్‌లో నడిచి అసలు మెషీన్‌లో నడవకపోతే మిగిలింది డిస్కే. 5.25 అంగుళాల డబుల్ డెన్సిటీ డిస్క్ పూత మీద రాయడానికి కావలసిన అయస్కాంత బలం సుమారు 300 ఎర్‌స్టెడ్, హై డెన్సిటీకి 600. పాత డ్రైవ్ హై డెన్సిటీ డిస్క్ మీద రాయలేదు. 3.5 అంగుళాల్లో తేడా తక్కువ కాబట్టి హై డెన్సిటీ డిస్క్‌కు ఉండే అదనపు రంధ్రానికి టేప్ వేసి రాస్తే ఇవాళ పనిచేస్తుంది, కొన్నాళ్లకు చదవలేకపోవచ్చు. 80 ట్రాకుల 1.2 ఎంబీ డ్రైవ్‌లో 5.25 డిస్క్ రాస్తే ట్రాక్ సగం వెడల్పే ఉంటుంది, పక్కన పాత డేటా మిగిలిపోయి పాత డ్రైవ్ రెండింటినీ కలిపి చదువుతుంది. ముందుగా బల్క్ ఇరేజర్ అనే అయస్కాంత పరికరంతో డిస్క్ మొత్తం చెరిపేసి రాయండి.

పీసీ ఫ్లాపీ కంట్రోలర్ అమీగా డిస్క్ రాయలేదు, ఎందుకంటే అమీగా ఒక ట్రాక్‌లోని 11 సెక్టార్లను మధ్యలో ఖాళీలు లేకుండా ఒకే ఊపున రాస్తుంది. ఫ్లాపీ డ్రైవ్‌ను యూఎస్‌బీ మీదుగా నడిపే గ్రీస్‌వీజిల్ లాంటి బోర్డ్ కావాలి. అది లేకపోతే ఏడీఎఫ్‌ను 720కే పీసీ డిస్క్ మీదుగా అమీగాకు చేర్చి, అమీగాలోనే డిస్క్‌కు రాయాలి. వర్క్‌బెంచ్ 2.1 నుంచి వచ్చే క్రాస్‌డాస్ పీసీ డిస్కులను చదువుతుంది. ఏడీఎఫ్ 880కే, డిస్క్ 720కే కనుక ఎల్‌హెచ్‌ఏతో కుదించాలి, అప్పటికీ పట్టకపోతే రెండు ముక్కలు చేయాలి. ఆ ముక్కలను డాస్‌లో కలుపుతుంటే కాపీకి స్లాష్ బీ పెట్టండి. రాసిన ప్రతి డిస్క్‌నూ వెంటనే తిరిగి చదివి, ఇమేజ్‌గా తీసి, మొదటి ఫైల్‌తో బైట్ బైట్‌గా పోల్చండి. తేడా ఎప్పుడూ ఒకే ట్రాక్ దగ్గర వస్తే డిస్క్ మార్చండి. ప్రతి డిస్క్‌లోనూ లోపలి ట్రాకుల్లోనే వస్తే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ రాయండి.